తరుగు ఎవరిది?

తెలుగుభాషలో "కొలుచు" అను క్రియకు రెండర్థములు కలవు. పరిమాణమును నిర్ణయించుట యొకటి, సేవించుట మరియొకటి. ధాన్యమును కొలుతుము, దైవమును కొలుతుము. ఒకే మాటలో ఈ రెండర్థములు కాపురముండుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను అది మనకొక హితవు చెప్పుచున్నట్లు తోచును. కొలతయందు శ్రద్ధ లేనివానికి కొలుపునందు శ్రద్ధ కుదురునా? కోతకు ముందు కొలత ఉండవలెనని వడ్రంగి మొదలు దర్జీ వరకు ప్రతి వృత్తికారుడును ఎరుగును. కోత ముగిసిన పిదప మిగిలిన ముక్కను గూర్చి ఆలోచించువారు మాత్రము తక్కువ. ఆ ముక్క ఎవరిది? దానిని కోయు అధికారము ఎవరికి కలదు? తుదకు అది చేరు చోటునకు ఎవరు పూచీ? ఈ ప్రశ్నలు వినుటకు స్వల్పములే గాని వీనియందు న్యాయమును ధర్మమును కూడ ఇమిడియున్నవి. మన ఊళ్లలోని ఒక చిన్న వృత్తిని ఆధారముగా గొని వీనిని విచారింతము.

బస్టాండుల చెంతను, రవాణా కార్యాలయముల వీధులలోను "రేడియం షాపు" అను చిన్న దుకాణములను పాఠకులు చూచియే యుందురు. ఆటోల వెనుక అద్దములపై దేవుని పేరు, మోటారు సైకిళ్లపై బిడ్డల పేర్లు, లారీల వెనుక మెరయు పట్టీలు, అంగళ్ల గాజు తలుపులపై అక్షరములు, ఇవి అచటి పనులు. పేరు రేడియమే గాని ఆ స్టిక్కరులో రేడియం లేదు. 1898లో క్యూరీ దంపతులు కనుగొన్న ఆ మూలకమును ఒకప్పుడు గడియారపు ముండ్లు చీకటిలో వెలుగుటకై వాడిరి. ఆ వెలుగు జ్ఞాపకమే మన వాడుకలో ఈ మెరయు పొరకు పేరై నిలిచినది కాబోలు. దీపకాంతిని తిరిగి పంపు రకములలో సన్నని గాజుపూసలు మొదలగునవి ఉండును. సామాన్యమైన రకము మాత్రము వినైల్ అను ప్లాస్టిక్ పొర, దాని వెనుక జిగురు, ఆ జిగురునకు రక్షగా నున్నని పూత గల కాగితము, ఇంతియే. 2019 ఏప్రిల్ 1 నుండి కొత్త వాహనములకు హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లను తయారీదారులే సమకూర్చవలెనను నిబంధన వచ్చిన పిదప కొత్త బండ్ల నంబరు ప్లేట్ల పని ఈ దుకాణములకు తగ్గినది. పేర్లు, బోర్డులు, అలంకారములు మిగిలినవి.

ఈ వృత్తికి ప్రాణము వంటి యంత్రము ప్లాటరు. దానినే జనులు కటింగ్ మిషన్ అందురు. కంప్యూటరులో కూర్చిన అక్షరమును అది చిన్న కత్తితో వినైల్‌పై కోయును. కత్తి అడ్డముగా పరుగిడును, వినైల్ ముందునకు వెనుకకు కదలును. క్రింద గరుకైన ఇనుప కడ్డీ, పైన అదుము రబ్బరు చక్రములు, ఈ రెంటి నడుమ పొర చిక్కుకొని నడచును. కావున దాని అంచులు రెండును సమానాంతరముగా ఉండవలయును. కత్తి పై పొరను మాత్రమే కోసి, అడుగు కాగితమును విడిచిపెట్టవలయును. ఎంత లోతు అవసరమో అంతకు మించి దిగకుండుటయే ఆ కత్తి నేర్చిన విద్య.

చిన్న దుకాణములలో తరచుగా కనబడునది 24 అంగుళముల తరగతి యంత్రము. దాని నోట ఇంచుమించు 28 అంగుళముల వెడల్పు పట్టును, కోత మాత్రము 24 అంగుళములకు కొంచెము అటు నిటు. వినైల్ చుట్టలైనచో 24, 30, 36, 48 అంగుళములు మొదలుగా పలు వెడల్పులలో వచ్చును. పొడవు తరచుగా 50 మీటర్లు. యంత్రపు నోరు పెరుగదు గనుక చుట్టనే తగ్గింపవలసి వచ్చును. మన విచారణ ఇచటనే ఆరంభమగుచున్నది.

ముందుగా లెక్క చూతము. 48 అంగుళముల చుట్టను నడుమకు కోసినచో రెండు 24 అంగుళముల చుట్టలగును, తరుగు లేదు. 36 అంగుళముల చుట్టనుండి 24 తీసికొన్నచో 12 అంగుళముల పట్టీ మిగులును. అది మొత్తములో మూడవ వంతు. 30 అంగుళముల చుట్టనుండి 24 తీసినచో 6 అంగుళముల పట్టీ మిగులును. అది అయిదవ వంతు. 50 మీటర్ల పొడవున ఆ పట్టీ వైశాల్యము 7.62 చదరపు మీటర్లు, అనగా దాదాపు 82 చదరపు అడుగులు. కత్తి ఒక్కటే, కోయు చేయి ఒక్కటే, అయినను ఫలములు మూడు విధములు. ఈ భేదము కోతలో పుట్టినది కాదు, కొనుగోలులో పుట్టినది. తన యంత్రపు కొలత ఎరిగి కొన్నవానికి తరుగు ఉండదు, ఎరుగక కొన్నవానికి తప్పదు. కావున కోతకు సంబంధించిన మొదటి ధర్మము కత్తి పట్టకముందే, అంగడిలో బేరమాడునపుడే నెరవేరవలసియున్నది.

"వెడల్పు చుట్ట చౌకగా దొరికినది, కొంత పోయిన నేమి?" అని కొందరందురు. దానికిని లెక్కయే సమాధానము చెప్పును. 30 అంగుళముల చుట్ట చదరపు అడుగు ధర 24 అంగుళముల దానికంటె నూటికి ఇరువది వంతులు తక్కువైనచో ఖర్చు సరికి సరి యగును, లాభము లేదు. అంతకంటె తక్కువ రాయితీ యైనచో నష్టమే. పైగా కోయు శ్రమ, కోయు కాలము అదనము. మంచమున్నంత మేరకే కాళ్లు చాపుకొనవలెనని పెద్దలనినది కేవలము పొదుపు మాట కాదు, తన పరిమితి తానెరుగవలెనను నీతియు అందున్నది.

ఇక కోత సంగతి. చుట్టను చిన్నది చేయుటకు మూడు మార్గములు కలవు. చుట్టను విప్పి బల్లపై పరచి, ఉక్కు స్కేలు ఆనించి కావలసినంత పొడవును మాత్రము కోసికొనుట మొదటిది. ఇది నెమ్మదియైన పని. కాని అవసరమైనంతకే కోత పడును, మిగిలిన చుట్ట చెక్కుచెదరక నిలుచును. చుట్టను ఇరుసుపై బిగించి త్రిప్పుచు పదునైన కత్తిని క్రమముగా లోనికి నొక్కుట రెండవది. సరకు అమ్ము పెద్ద వర్తకులలో కొందరియొద్ద ఇందులకు తగిన యంత్రములుండును. కోరినచో కోసియే యిత్తురు. చుట్టను చుట్టగానే రంపపు యంత్రము క్రింద పెట్టి ఒక్కసారి తెగవేయుట మూడవది. ఇది అన్నిటికంటె వేగము, అన్నిటికంటె ప్రమాదము. గుండ్రని చుట్ట రంపపు పండ్ల తాకిడికి దొర్లును, చేయి వెంట పోవును. రాపిడి వేడికి వినైల్ మెత్తబడి జిగురుతో కలిసి పొరలు అంచున అతుకుకొనును. రంపపు పొడి జిగురునకు అంటును. అట్టి అంచు యంత్రములో సాఫీగా నడువదు.

ఇందుండి ఒక నీతి తేలుచున్నది. కోత వంకరయైనచో దాని ఫలము వెంటనే కనబడదు. అడుగు పొడవు అక్షరమునకు అది తెలియదు. అయిదు మీటర్ల బోర్డునకు అక్షరములు కోయునపుడు మాత్రము అంచు క్రమముగా చక్రము క్రిందినుండి జారును, వరుస ప్రక్కకు ఒరగును, అంతవరకు కోసిన దంతయు వ్యర్థమగును. మొదట చేసిన స్వల్పదోషము చివరివరకు పెరుగుచు వచ్చుట మనుష్యుల నడవడిలోను చూచుచునే యున్నాము. ఇంకొకటి. పనివానిచేత మూడవ మార్గమున కోయించి, "త్వరగా కానిమ్ము" అని తొందరించు యజమాని తన వేగమునకు పనివాని వ్రేళ్లను పణముగా పెట్టుచున్నాడు. ఆ వేగమునకు వెల చెల్లించువాడొకడు, లాభము పొందువాడొకడు. ఇట్టి కోతయందు తెగునది వినైల్ మాత్రమే కాదు.

మిగిలిన పట్టీ ఎవరిది అను ప్రశ్నకు వత్తము. మన కంసాలి వృత్తిలో "తరుగు" అను మాట ప్రసిద్ధము. నగ చేయునపుడు ఆకురాతికిని కొలిమికిని పోవు బంగారమును లెక్కగట్టి మజూరీతో పాటు కొనువానినుండి తీసికొందురు. కంసాలి పీట క్రింది మట్టినైనను ఊడ్చి కరగించి బంగారము రాబట్టుదురనియు అందరెరిగినదే. తరుగని వెల తీసికొన్న పిదప ఆ తరుగే తిరిగి సొమ్మైనచో దాని కర్త ఎవరు? ఈ ప్రశ్నకు లెక్కల పుస్తకమున చోటు లేకపోవచ్చును గాని మనస్సున ఉండవలెను.

వినైల్ విషయమున మూడు సందర్భములు కలవు. దుకాణదారుడు తన సొమ్ముతో చుట్ట కొని, అక్షరములకు పట్టిన వైశాల్యమునకు మాత్రమే వెల కట్టినచో మిగిలినది అతనిదే, సందేహము లేదు. అతడు "ఇంత వెడల్పు సరకు ఖర్చగును" అని మొత్తము చుట్ట వెడల్పునకు వెల కట్టి తీసికొన్నచో మిగిలినది వాడుకరిది. దానిని అతనికి అందీయవలెను, లేదా అతని అనుమతితో ఉంచుకొనవలెను. దానినే మరునాడు మరియొకని పనికి వాడి మరల వెల తీసికొనుట ఒకే వస్తువును రెండు మారులు అమ్ముటయే యగును. ఇక మూడవది. వాడుకరియే సరకు తెచ్చి యిచ్చి కోత కూలి మాత్రము ఒప్పుకొన్నచో వ్రేలెడు ముక్క మిగిలినను అది వాడుకరి సొత్తు. దర్జీకి గుడ్డ యిచ్చినప్పుడు మనకు తోచు న్యాయమే ఇది. మిగులు గుడ్డ అడుగుటకు మనము మొగమాటపడుదుము. అడుగకున్నను ఇచ్చు దర్జీని మాత్రము ఊరంతయు మెచ్చుకొనును. మొగమాటము హక్కును కప్పిపుచ్చునే గాని హరింపజాలదు.

ఎవరిదో తేలినంత మాత్రమున మూడవ ప్రశ్న తీరదు. "నాది గనుక నా ఇష్టము" అను మాట ఇచట చెల్లదు. ఏలన ఆ పట్టీ ఎచటికి పోవునో చూడవలసియున్నది. కోతలు నేడు పుట్టినవి కావు. తాటాకు గ్రంథముల కాలమున ఆకులను ఒకే కొలతకు కత్తిరించి, రంధ్రము చేసి, పలకల నడుమ కట్టెడివారు. ఆకు అంచులు మట్టిలో కలిసెడివి. దర్జీ యింటి పేలికలు బొంతలయ్యెడివి. కుంచె పట్టి గోడపై అక్షరము వ్రాయు చిత్రకారునకు రంగు మిగిలినచో డబ్బాలోనికే తిరిగి పోవును. నేతగాడు మగ్గపు వెడల్పు నెరిగియే పడుగు సిద్ధపరచుకొనును గనుక చీరకు అంచు కోయవలసిన పనియే లేదు. ఈ వృత్తులన్నిటను తరుగు ప్రకృతిలోనికో, పనిలోనికో మరలిపోవు దారి కలదు.

వినైల్‌కు ఆ దారి మూసికొనిపోయినది. అది పాలీ వినైల్ క్లోరైడ్ అను ప్లాస్టిక్. మట్టిలో కలియదు. తగులబెట్టినచో హైడ్రోజన్ క్లోరైడ్ అను ఘాటైన విషవాయువును, డయాక్సిన్లను వెలువరించును. జిగురు, పూత గల కాగితము దానితో అంటుకొనియుండుటచే కరగించి మరల వాడుటయు కష్టము. మన దేశమున 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించినపుడు 100 మైక్రానులకంటె పలుచనైన పీవీసీ బ్యానర్లను ఆ జాబితాలో చేర్చిరి. ఆ నిబంధన చెప్పినది బ్యానర్లను గూర్చి. బోర్డు స్టిక్కరు అంచు ముక్కను గూర్చి ఏ ఇన్స్పెక్టరును వచ్చి అడుగడు. అడుగువాడు లేనిచోటనే ధర్మమునకు పరీక్ష. సాయంకాలము దుకాణము ముందు చెత్తతో పాటు ఆ పట్టీలను పోగుచేసి అగ్గిపుల్ల గీచినచో, ఆ పొగ కోసినవాని ముక్కునకే గాక ప్రక్క ఇంటి పసిబిడ్డ ముక్కునకును చేరును. ఆ బిడ్డ ఏ బోర్డును కోరలేదు, ఏ బేరమును ఆడలేదు.

"ఒక చిన్న ముక్కకు ఇంత విచారమా?" యని ఆక్షేపింతురేమో. నెలకు రెండు చుట్టల చొప్పున 30 అంగుళముల సరకును 24కు తగ్గించు దుకాణమును ఊహింపుడు. ఏడాదికి 24 పట్టీలగును. అర అడుగు వెడల్పున వరుసగా పరచినచో 1,200 మీటర్ల పొడవు వచ్చును. ఇది ఒక్క దుకాణపు మాట. ముక్క చిన్నదే, అలవాటు చిన్నది కాదు.

"పేదవాడు పెద్ద యంత్రమెట్లు కొనును?" అను ఆక్షేపణ దీనికంటె బలమైనది. దానిని త్రోసివేయరాదు. చిన్న యంత్రముతో కుటుంబమును పోషించుకొనువానిని నిందించు హక్కు ఎవరికిని లేదు. కోయుట పాపమని ఈ వ్యాసము చెప్పుటయు లేదు. అతని చేతనైన మార్గములు కొన్ని కలవు. తన యంత్రమునకు సరిపడు వెడల్పునో, సరిగా రెండుగా తెగు వెడల్పునో కొనవచ్చును. అమ్మువానిచేతనే కోయించుకొనవచ్చును. తప్పక మిగిలిన పట్టీని పారవేయక, రంగు వారీగా చుట్టి నిలువబెట్టి, సన్నని గీతలకు, చిన్న పేర్లకు, బడిపిల్లల పెట్టెలపై అంటించు అక్షరములకు వాడవచ్చును. ఆరంగుళముల పట్టీపై రెండంగుళముల అక్షరములు రెండు వరుసలు సుఖముగా పట్టును. యంత్రములో నిలువనంత సన్ననిదైనచో చేతికత్తితో కోయు పనికి వచ్చును. ఏ పనికిని రానిదానిని తగులబెట్టక, పొడి చెత్తతో వేరుగా మునిసిపాలిటీ వారికి అప్పగింపవచ్చును. వీనికి ధనము అక్కరలేదు, మనసు పెట్టవలెను.

యంత్రపు చరిత్రయందును ఒక పాఠము కలదు. 1980ల ఆరంభమున అమెరికాలో గెర్బర్ సంస్థ వినైల్ అక్షరములు కోయు కంప్యూటరు యంత్రములను వాడుకలోనికి తెచ్చినది. వానికి అంచులందు రంధ్రములు పొడిచిన నియతమైన వెడల్పు చుట్టలనే వాడవలెను. వాడువానికి ఎంపిక లేదు. తరువాత వచ్చిన రాపిడి చక్రముల యంత్రములు ఆ కట్టుబాటును తొలగించినవి. ఏ చుట్టనైనను తగ్గించి పెట్టుకొను స్వేచ్ఛ వచ్చినది. స్వేచ్ఛతో పాటు తరుగును వచ్చినది, తరుగుతో పాటు పూచీయు వచ్చినది. స్వేచ్ఛను తీసికొని పూచీని విడిచిపెట్టుట మనుష్యునకు సులభమైన తప్పు.

దేనిని కోయవచ్చును, దేనిని కోయరాదు అనునది మిగిలియున్నది. చుట్ట అంచులో ఏ అర్థమును లేదు. నడుమ నున్న వినైల్ ఎట్టిదో అంచుననున్నదియు అట్టిదే. కావున దానిని తగ్గించిన వస్తువునకు లోపము రాదు. అక్షరము సంగతి వేరు. కోత ముగిసిన పిదప అక్షరముల చుట్టునున్న అనవసరపు పొరను పట్టుకారుతో ఒలిచివేయుదురు. తెలుగు అక్షరములకు తలకట్లు, వత్తులు, సున్నలు విడివిడి తునకలుగా నుండును. చేయి తొందరపడినచో వ్యర్థమైన పొరతో పాటు ఇవియు లేచిపోవును. "థ" కారము నడుమనున్న చుక్క లేచిపోయినచో అది "ధ" కారమగును, "కథ" "కధ" యగును. ఆ చుక్క ఆవగింజంత. దాని ప్రక్కనే ఊడబెరికిన వ్యర్థపు పొర అరచేయంత. పరిమాణమును బట్టి విలువ కట్టువాడు ఈ రెంటిలో దేనిని విడుచును? చిన్నది గనుక పోనిమ్మనుట న్యాయము కాదు. అర్థమెచట నున్నదో చూచి నిర్ణయించుట న్యాయము.

పేరు పొడవై బోర్డు పొట్టియైనప్పుడు కొందరు కంప్యూటరులో అక్షరములను ఇరుకుగా నొక్కుదురు, మరికొందరు అడుగకయే పేరును కుదింతురు. తండ్రి పేరును, తాత పేరును కలిపి పెట్టుకొన్న అంగడి పేరులో సగము తీసివేయు అధికారము కోయువానికి లేదు. చుట్టను యంత్రమునకు తగినట్లు కోయవచ్చును, పేరును మాత్రము పేరుగలవాని నడిగియే తగ్గింపవలెను. మనుష్యులయెడ ఇది మరింత నిజము. బడి గంటలకు, ఉద్యోగపు అచ్చులకు, ఇంటి ఆచారములకు పట్టలేదని బిడ్డ స్వభావములో ఒక అంచును కోసివేయుట మనకు అలవాటైనది. చుట్టకు నొప్పి తెలియదు. బిడ్డ నొప్పి తెలిసియు చెప్పలేదు. కాలికి తగినట్లు చెప్పు కుట్టింతుము గాని చెప్పునకు తగినట్లు కాలు కోయము గదా!

ఈ పత్రిక చదువువారికి కాయకమను మాట కొత్త కాదు. చేయు పని సత్యముగను శుద్ధముగను ఉండవలెనని 12వ శతాబ్దపు శరణులు బోధించిరి. పూర్తియైన వస్తువు అందముగా నుండుట ఆ శుద్ధిలో సగపాలు. ఆ వస్తువు చేయుచు మనము విడిచిన ముక్క ఎవరికిని అన్యాయము చేయకుండుట మిగిలిన సగపాలు. బోర్డుపై మెరయు అక్షరములను లోకము చూచును. బల్ల క్రింద పడిన పట్టీని చేసినవాడు మాత్రమే చూచును.

కావున కోయు అధికారము కత్తి గలవానిది కాదు, కోసినదానికి పూచీ వహించువానిది. కోతకు పూర్వము తన యంత్రపు కొలతను, తన అవసరపు కొలతను ఎరుగుట, కోయునపుడు వంకర లేకుండ, ఎవరి వ్రేలికిని హాని లేకుండ కోయుట, కోసిన పిదప ముక్క ఎవరిదో వారికి చెప్పి, అది చేరవలసిన చోటునకు చేర్చుట, ఇవి మూడును నెరవేర్చువాని చేత కత్తి ఉండుట లోకమునకు మేలు. రేడియం షాపు వానికే కాదు, ఇల్లు నడపువారికి, మఠము నడపువారికి, బడి నడపువారికి గూడ ఈ నియమము వర్తించును. మన యిండ్లలో నేడు ఏ అంచును తగ్గించుచున్నాము, ఆ ముక్క ఎచట పడుచున్నదని విజ్ఞులైన పాఠకులు ఒకపరి పరికింతురు గాక.